ఏనుగుదిన్నె మలుపులో ఏడడుగుల గోడ

గోడలను గుద్దడంలో నాకు డాక్టరేటు ఉంది. వినడానికి ఎలా ఉన్నా, ఇది విశ్వవిద్యాలయం వారు గౌను తొడిగి, టోపీ పెట్టి, ఫొటో తీసి మరీ ఇచ్చిన పట్టా. ఆ ఫొటో మా ముందుగదిలో వేలాడుతుంది. మా ప్రహరీ గోడకు నేను ఇప్పటికి మూడుసార్లు కారు గుద్దాను. ఆ మూడూ కూడా లెక్కలోకి తీసుకునే పట్టా ఇచ్చారా అని, ఫొటో దుమ్ము దులిపినప్పుడల్లా మా ఆవిడ అడుగుతుంది.

నా పరిశోధన పేరు ‘అతివేగ ఘాతములకు గురియగు కాంక్రీటు ఫలకముల ప్రవర్తన’. చేసిందేమిటంటే, ఒక పాత గాలి తుపాకీలో బొటనవేలంత ఇనప బోల్టు పెట్టి, పుస్తకమంత కాంక్రీటు పలక మీదికి పేల్చడం, పడిన బొక్క లోతు స్కేలు పెట్టి కొలవడం. ఏడేళ్ళలో రెండు వందల పదకొండు పలకలూ, పక్క ల్యాబు వాళ్ళ కిటికీ ఒకటీ పగలగొట్టాను. తేలిందేమిటంటే, గుద్దే వస్తువు బరువు రెట్టింపయితే దెబ్బ రెట్టింపవుతుంది, వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. ఈ సంగతి తొమ్మిదో తరగతి పుస్తకంలో అర పేజీలో ఉంటుంది. నేను మూడు వందల నలభై పేజీల్లో చెప్పాను. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినది టైపిస్టు ఒక్కడే, అతను కూడా నా బాకీ తీరాక కనిపించడం మానేశాడు.

చివరిగా పేల్చిన బోల్టును గుర్తుగా దాచుకున్నాను. సెకనుకు మూడు వందల మీటర్ల వేగంతో పోయిన బోల్టు అది. ఇప్పుడు నా ఆఫీసు బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా చూస్తుంటుంది. నా పరిశోధన వల్ల ప్రజలకు జరిగిన ప్రత్యక్ష ప్రయోజనం చాలాకాలం వరకూ అదొక్కటే.

అలా హాయిగా ఉండగా ఏనుగుదిన్నెలో లారీ గోడను గుద్దింది.

ఏనుగుదిన్నె కొండ కింద ఊరు. కొండ మీద గ్రానైటు క్వారీ ఉంది. క్వారీ నుంచి రోడ్డు ఏటవాలుగా, తిన్నగా రెండు కిలోమీటర్లు దిగి, ఊరి మొదట్లో ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. తిరగకుండా తిన్నగా పోతే ఎదురుగా ఉండేది అంగన్వాడీ. ఒక ఆదివారం మధ్యాహ్నం, నలభై టన్నుల బరువుతో దిగుతున్న లారీకి బ్రేకులు పోయాయి. లారీ మలుపు తిరగలేదు. గోడను చీల్చుకుని లోపలికి వెళ్ళి, పిల్లల అక్షరమాల పటం ముందు ఆగింది. ఆదివారం కాబట్టి పద్దెనిమిది మంది పిల్లలూ ఇళ్ళలో ఉన్నారు. డ్రైవరు మాలకొండయ్యకు మెడ ఎముక విరిగింది, లైసెన్సు పోయింది. ఆ అంగన్వాడీ టీచరు పెంచలమ్మ అతని భార్యే. మొగుడు పెళ్ళాన్ని చూడ్డానికి లారీతో సహా బడిలోకి వచ్చాడని ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారట. పెంచలమ్మ మాత్రం నవ్వలేదు. మర్నాడు సోమవారం కదా అనే ఆలోచన ఆమెను వదల్లేదు.

పత్రికల్లో ఫొటో పడింది. ప్రభుత్వం వారంలోగా స్పందించి ‘భవన ఘాత నిరోధక మండలి’ని ఏర్పాటు చేసింది. ఛైర్మన్‌గా పరాంకుశరావు గారు వచ్చారు. ఆయన అంతకుముందు మూడు మండళ్ళకు ఛైర్మన్‌గా చేసి, మూడింటినీ ఆఖరి ఫైలు వరకూ నడిపి మూసిన దక్షులు. గోడలను గుద్దడంలో నిపుణులెవరైనా ఉన్నారా అని వెతికితే రాష్ట్రం మొత్తం మీద నేనొక్కణ్ణే తేలాను. సాంకేతిక సలహాదారుగా వేశారు. మండలికి అద్దె భవనంలో నాలుగో అంతస్తు ఇచ్చారు. ఎంత వేగంగా వచ్చినా లారీ ఎక్కలేని చోటు చూసుకున్నాం.

మొదటి సమావేశంలో నేను లేచి, బోర్డు మీద సూత్రం రాసి, ఇది చాలా తేలికైన సమస్య అని చెప్పాను. లారీ వేగాన్ని సగానికి తగ్గిస్తే దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది. మలుపుకు ముందు రెండు స్పీడు బ్రేకర్లు, కొండ దిగే చోట ఒక చెక్‌పోస్టు పెడితే సరిపోతుంది. ఆ మాట చెప్పి కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన తెలివైన మాట అదే, దానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

పరాంకుశరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“డాక్టర్ వేదాద్రి గారూ, తమరి శాస్త్రపరిజ్ఞానం ప్రశంసనీయము. అయితే వేగము మన పరిధిలోనిది కాదు. లారీ రవాణా శాఖది, రోడ్డు రోడ్ల శాఖది, రాయి గనుల శాఖది, పిల్లలు శిశు సంక్షేమ శాఖవారు. ఈ మొత్తం దుర్ఘటనలో మన మండలికి చెందినది గోడ మాత్రమే.”

ఇతర శాఖలకు ఒక ఉత్తరం రాయవచ్చు కదా అన్నాను. రాస్తే వారు జవాబిస్తారనీ, జవాబిస్తే దానికి మనం జవాబివ్వవలసి వస్తుందనీ, ఇందులో కాలయాపన ఎక్కువనీ ఆయన వివరించారు. ఆ తర్వాత మండలి తొలి తీర్మానాన్ని ఆయనే స్వయంగా చెప్పి రాయించారు. నాకది ఇప్పటికీ కంఠతా వచ్చు: “వేగమును తగ్గించు అధికారము మండలికి లేనందున, సదరు వేగము గరిష్ఠముగా ఉన్నట్లు భావించి గోడను రూపొందించవలసియున్నది.”

గరిష్ఠ వేగం అంటే ఎంత అన్న ప్రశ్న వచ్చింది. ఒక సభ్యుడు నా పరిశోధన గ్రంథం తెరిచి, చివరి పట్టిక చూసి, సెకనుకు మూడు వందల మీటర్లని ఇక్కడ శాస్త్రీయంగా ఉంది కదా అన్నాడు. అది బోల్టు వేగం. గంటకు వెయ్యి కిలోమీటర్ల పైమాట. ఏనుగుదిన్నె లారీలు అంత వేగంతో వస్తే మలుపు దగ్గర తిరగడం కాదు, గాల్లోకి లేవాలి. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పరాంకుశరావు గారు, ఈ నిబంధనకు ‘వేదాద్రి ప్రమాణము’ అని పేరు పెడదామని ప్రతిపాదించారు. తెరిచిన నోటితో టీ తాగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు నా పేరును మూడుసార్లు పైకి పలుక్కున్నాను.

అలా బరువు లారీది, వేగం బోల్టుది తీసుకుని లెక్క కట్టాం. రోడ్డు వైపు గోడ మందం ఏడడుగులు తేలింది. అది కూడా లెక్కలో నేను మూడు చోట్ల కళ్ళు మూసుకున్నాను కాబట్టి, అసలు లెక్క ప్రకారం కడితే ఊరే చాలదు.

ఏడడుగుల గోడ ఎటు పెరగాలన్నది తర్వాతి సమస్య. గది ఇరవై అడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు. గోడకు ముందు రోడ్డు అంచు వరకూ నలభై అడుగుల ఖాళీ జాగా ఉంది. కానీ అది రోడ్ల శాఖది. అందుకని గోడ లోపలికి పెరిగింది. పదహారడుగుల గది తొమ్మిదడుగులైంది. మండలి తనిఖీకి వెళ్ళినప్పుడు, లారీ వెనక్కి నడుపుతూ వెనక గోడను గుద్దితే ఏమిటని ఒక సభ్యుడు దూరదృష్టితో అడిగాడు. వెనక వైపు చేపల చెరువు ఉంది. చెరువులోంచి లారీ వచ్చే అవకాశం తక్కువని నేను అన్నాను. తక్కువ అని రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగారు. ఇవ్వలేదు. వెనక గోడ నాలుగడుగులు లోపలికి వచ్చింది. పక్క గోడలు చెరో ఆరడుగులు వచ్చాయి. క్వారీలో పేల్చిన రాయి ఎగిరి పైన పడితే అన్న ఆలోచన పరాంకుశరావు గారికే స్వయంగా తట్టింది. కప్పు మూడడుగులు కిందికి దిగింది.

చివరికి లోపల ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు చోటు మిగిలింది. అప్పుడు ఎవరో తలుపు వైపు వేలు చూపించారు. తలుపు టేకుది. వేదాద్రి ప్రమాణం ప్రకారం టేకు తలుపుకు ఘాత నిరోధక శక్తి సున్నా. గోడ ఎంత బలమైనదైనా అందులో ఒక సున్నా ఉంటే మొత్తం సున్నాయే అవుతుందని మండలి అభిప్రాయపడింది. తలుపు తీసేసి, ఆ ఖాళీని కాంక్రీటుతో నింపారు. కిటికీల గురించి చర్చ అవసరం పడలేదు. పిల్లలు లోపలికి ఎలా వెళ్ళాలన్న అంశాన్ని ‘ప్రవేశ సౌలభ్య ఉపసంఘాని’కి అప్పగించారు. ఆ ఉపసంఘంలో సభ్యుణ్ణి నేనే. ఒక్కసారి కూడా సమావేశమవ్వలేదు.

ఈలోగా పిల్లలు ఎక్కడ ఉన్నారంటే, మలుపులోనే, రోడ్డుకు అవతలి పక్కన ఉన్న బస్సు షెల్టరులో. మూడు పక్కల సన్నటి రేకు, నాలుగో పక్క రోడ్డు. పద్దెనిమిది మందిని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి పెంచలమ్మ పాటలు చెప్పేది. లారీ మోత వినిపిస్తే పాట ఆపి, అది మలుపు తిరిగేదాకా చేతులు బార్లా చాపి పిల్లలకు అడ్డంగా నిలబడేది. నలభై టన్నుల లారీకి ఆమె చేతులు ఏపాటి అడ్డమో నాకు లెక్కలతో సహా తెలుసు. మొదటిసారి చూసినప్పుడు తల తిప్పుకున్నాను.

ఆమె మండలికి మూడు అర్జీలు పెట్టుకుంది. ఊరి లోపల పాల కేంద్రం గది ఒకటి ఖాళీగా ఉంది. అక్కడికి లారీ రాదు, ఆవు తప్ప ఏదీ రాదు. పిల్లల్ని అక్కడికి మార్చమని అడిగింది. మండలి ఇచ్చిన జవాబు కింద సంతకం నాదే. “సదరు పాల కేంద్రము ఎట్టి ఘాత ముప్పు లేని ప్రదేశమై యుండుటచేత, అది మండలి పరిధిలోనికి రాదని తెలియజేయడమైనది.”

గోడ పూర్తయింది. ఇక ధ్రువపత్రం ఇవ్వాలి. పరీక్షించకుండా ధ్రువపత్రం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. ‘ప్రత్యక్ష ఘాత పరీక్ష’ పెట్టాలని, మంత్రిగారి సమక్షంలో లారీతో గోడను గుద్దించాలని తీర్మానమైంది. గంటకు వెయ్యి కిలోమీటర్లతో పోయే లారీ దొరకనందున, అరవైతో సరిపెట్టుకోవడానికి మండలి ప్రత్యేక సడలింపు ఇచ్చుకుంది. స్టీరింగు కట్టేసి, ఖాళీ లారీని వాలు మీద నుంచి వదిలేద్దామని నేను అన్నాను. డ్రైవరు లేని వాహనం ప్రభుత్వ రహదారి మీద నడపరాదని రవాణా శాఖ నియమం. అప్పటివరకూ మేం ఒక్క ఉత్తరమూ రాయని రవాణా శాఖ, దీనికి మాత్రం అడగకుండానే రెండు రోజుల్లో ఉత్తరం రాసింది.

డ్రైవరు కోసం ప్రకటన వేశాం. అర్హతల్లో మూడోది ఇలా ఉంది: “భవనమును ఢీకొనుటలో పూర్వానుభవము తప్పనిసరి.” జిల్లా మొత్తం మీద ఆ అర్హత ఉన్నవాడు ఒక్కడే. ఇంటర్వ్యూకు మాలకొండయ్య మెడ పక్కకు వంచుకునే వచ్చాడు, అతుక్కున్న ఎముక అలా అతుక్కుంది. పరీక్షలో పాల్గొన్నట్టు కాగితం తెస్తే లైసెన్సు తిరిగి ఇస్తామని రవాణా శాఖ వాళ్ళు చెప్పారట. ఆరు నెలలుగా పని లేదు. ఒప్పుకున్నాడు. ఒప్పుకునే ముందు, గుద్దేటప్పుడు కళ్ళు మూసుకోవచ్చా అని మాత్రం అడిగాడు. నిబంధనల్లో అభ్యంతరం లేదని పరాంకుశరావు గారు చెప్పారు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు గోడకు సున్నపు గీతలు పెట్టించడానికి ఏనుగుదిన్నె వెళ్ళాను. పెంచలమ్మ షెల్టరులోంచి రోడ్డు దాటి వచ్చింది. చేతిలో మండలి ఇచ్చిన అంచనా నివేదిక నకలు ఉంది. నలభై రెండు పేజీలది. చదివినట్టే ఉంది, అంచులు నలిగి ఉన్నాయి.

“సార్, ఈ గోడకి ఏం కాదని ఏడు చోట్ల రాసుండారు. మా ఆయనకి ఏమయిద్దో యాడన్నా రాసుండారా? నాకు కనపళ్ళేదు.”

నేను నివేదిక తీసుకుని పేజీలు తిప్పాను. తిప్పుతున్నట్టు నటించాను అనడం నిజం, లేదని నాకు తెలుసు. నా ఏడేళ్ళ పరిశోధనలో కూడా లేదు. రెండు వందల పదకొండు పలకల బొక్కలు కొలిచాను గానీ, గుద్దిన తర్వాత బోల్టుకు ఏమైందని ఎన్నడూ కొలిచి చూడలేదు. బోల్టు లోపల ఎవరూ ఉండరు కదా.

డ్రైవరు భవనం కాదు కాబట్టి నివేదికలో రాదమ్మా అన్నాను. అన్నాక ఆ మాట నా చెవికే అసహ్యంగా వినిపించింది. ఆమె షెల్టరు వైపు తిరిగి చూసింది, అక్కడ ఒక పిల్ల బల్ల చివర ఎక్కి దూకడానికి సిద్ధంగా ఉంది. పెంచలమ్మ పరిగెత్తింది, నేనూ వెనకే వెళ్ళాను. ఆ పిల్ల దూకేసింది. పెంచలమ్మ గాల్లోనే అందుకుని, చేతులు వెనక్కి వెనక్కి లాక్కుంటూ, మోకాళ్ళు వంచి, నేల దాకా దించింది. పిల్ల నవ్వుతూ మళ్ళీ బల్లెక్కింది.

నేను చూస్తూ నిలబడ్డాను. అలా చేతులు వెనక్కి లాక్కోవడం ఎవరు నేర్పారని అడిగాను. వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

“ఇంకెట్టా పట్టుకుంటారు సార్? చేతులు బిగబట్టుకోనుంటే ఇద్దరికీ దెబ్బే గదా.”

అక్కడే ఆ బల్ల మీద, పిల్లల మధ్య కూర్చుని నివేదిక వెనక లెక్క వేశాను. అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ గోడను గుద్దితే, ముందు భాగం ఒక అడుగున్నర నలిగి ఆగిపోతుంది. లోపలున్న మనిషి మీద అతని బరువుకు ముప్ఫై రెట్ల బరువు ఒక్కసారి పడుతుంది. అదే లారీ నలభై అడుగుల దూరం మెల్లగా దిగబడుతూ ఆగితే, పడేది అతని బరువుకు కొంచెం మించి, అంతే. ఆగే దూరం ఎంత పెరిగితే దెబ్బ అంత తగ్గుతుంది. ఇదీ తొమ్మిదో తరగతిలోదే, తర్వాతి పేజీలో. నేను మొదటి పేజీ దగ్గర డాక్టరేటు తీసుకుని ఆగిపోయాను.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఒక ఉత్తర్వు ఉంది. లారీ వేగాన్ని ప్రత్యక్షంగా నమోదు చేయడానికి ఒక సాంకేతిక అధికారి డ్రైవరు పక్కన కూర్చోవలసి ఉన్నదనీ, ఇందుకు ప్రమాణకర్త అయిన డాక్టర్ వేదాద్రి గారిని మించిన అర్హులు లేరనీ అందులో ఉంది. రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళుగా ఆ సూత్రంలో బరువు అనే అక్షరం బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఆ బరువులో ఎనభై కిలోలు నేనేనని ఆ రోజు తెలిసింది. ఎనభైని ముప్ఫైతో గుణించి చూసుకున్నాను. గుణకారం తప్పేమోనని ఇంకోసారి చేశాను.

మాలకొండయ్య ప్రాణం పోతుందని తెలిసినప్పుడు బాధపడ్డాను. నా ప్రాణం పోతుందని తెలిసినప్పుడు పని మొదలుపెట్టాను. గొప్పగా చెప్పుకోవలసిన విషయం కాదు, కానీ వరస అదే.

పరీక్ష వద్దని నేరుగా చెప్పాను. గోడ మీద మీకే నమ్మకం లేదా అని పరాంకుశరావు గారు అడిగారు. ఉంది, నమ్మకమే భయపెడుతోంది అన్నాను. మంత్రిగారి పర్యటన ఖరారైందని, భయము మండలి పరిధిలోనిది కాదని చెప్పి పంపించారు.

అప్పుడు నాకు సభల సంగతి గుర్తొచ్చింది. మా వైపు పెద్దలు వచ్చే ఏ సభకైనా ముందు, పందిరి కింద, దారి మీద ఇసుక పోస్తారు. బురద అంటకూడదు, దుమ్ము లేవకూడదు. ఇసుక పోయని సభకు వచ్చిన పెద్దమనిషి అవమానం జరిగినట్టు చూస్తాడు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ శాఖ స్థలమైనా సరే. ఆ వారం వాన కురిసి మలుపంతా చిత్తడిగా ఉంది. నేను ఒక ప్రతిపాదన రాశాను. “మంత్రివర్యుల గౌరవార్థము, సభాస్థలి ముందరి నలుబది అడుగుల జాగాను వదులు ఇసుకతో అలంకరించుటకు.” లోతు మూడడుగులు అని నాలుగో పేరాలో రాశాను. పరాంకుశరావు గారు మొదటి పేరా చదివి, మీకు ఇంత మర్యాద తెలుసని అనుకోలేదు అని సంతకం పెట్టారు. గోడ కట్టగా మిగిలిన ఇసుక గుట్ట అక్కడే పడి ఉంది. పెంచలమ్మ ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. రెండు రోజులు తట్టలతో పోశారు. పైన ముగ్గు కూడా వేశారు.

ఇంకో మేలు కూడా జరిగింది. బస్సు షెల్టరు మంత్రిగారి కార్లు నిలపడానికి కావలసి వచ్చింది. పిల్లల్ని ‘తాత్కాలికముగా’ పాల కేంద్రానికి తరలించమని మండలే ఆదేశించింది. మూడు అర్జీలు చేయలేని పనిని ఆరు కార్లు చేశాయి.

పరీక్ష రోజు ఉదయం పది గంటలకు కొండ మీద లారీ ఎక్కాను. బెల్టు పెట్టుకున్నాను, దాని మీద మా ఆవిడ ఇచ్చిన దిండు కట్టుకున్నాను. మాలకొండయ్య స్టీరింగుకు దండం పెట్టుకుని బండి తీశాడు. వాలు మీద లారీ దానంతటదే వేగం అందుకుంది. ముప్ఫై, నలభై, యాభై. నేను బిగ్గరగా చదువుతున్నాను, నా గొంతు ఎవరిదో అనిపించింది. ఎదురుగా గోడ కనిపించింది. తెల్లగా సున్నం కొట్టి, దాని మీద నీలం రంగుతో పెద్దగా నా పేరు రాయించారు. ‘వేదాద్రి ప్రమాణము’. నా పేరు మీదికి నేనే అరవై కిలోమీటర్ల వేగంతో వెళుతున్నాను.

“సార్, ఇసక ఆపుద్దా?” అని మాలకొండయ్య అడిగాడు.

ఆపుతుందని చెప్పాను. లెక్క సరిగ్గా వేశారా అని అడిగాడు. అది నేను వేసిన లెక్క కాదు, మీ ఆవిడ వేసింది అన్నాను. అతనికి ధైర్యం వచ్చినట్టే ఉంది, కళ్ళు మూసుకోలేదు. నేను మూసుకున్నాను.

ముందు చక్రాలు ముగ్గు మీదికి ఎక్కాయి. ఎవరో వెనక నుంచి నడుం పట్టుకుని లాగుతున్నట్టు అనిపించింది. ఒళ్ళంతా బెల్టు మీదికి ఒరిగింది, దిండు ముక్కుకు తగిలింది, ఇసుక అద్దం మీదికి అలలా లేచింది. తర్వాత అంతా ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే అద్దం అవతల నీలం రంగు ‘వే’ కనిపించింది. లారీ ముక్కుకూ గోడకూ మధ్య మూరెడు దూరం ఉంది.

మాలకొండయ్య దిగి, మెడ అలాగే పక్కకు వంచుకుని, నడుచుకుంటూ వెళ్ళాడు. పెంచలమ్మ జనంలోంచి వచ్చి అతని చొక్కా మీద ఇసుక దులిపింది. చాలాసేపు దులుపుతూనే ఉంది, ఇసుక ఎప్పుడో రాలిపోయినా. నేను సీట్లో కూర్చునే ఏడ్చాను, దిండు ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

వేదిక మీద నుంచి పరాంకుశరావు గారు వచ్చి, గోడ చుట్టూ తిరిగి, వేలితో తడిమి చూశారు.

“డాక్టర్ గారూ, ఘాతము ఎక్కడ?”

జరగలేదని చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది. మంత్రిగారి సమక్షంలో జరగవలసిన ఘాతం జరగకపోవడం మండలి చరిత్రలో ఇదే మొదటిసారి.

మూడు రోజుల్లో నాకు మెమో వచ్చింది. తగినంత వేగము ఉండియు ఘాతము సంభవించకపోవుటకు గల కారణములను వివరించవలెనని అడిగారు. వివరించాను. లోతు గురించి నాలుగో పేరాలో ముందే విన్నవించుకున్నానని కూడా రాశాను. మాలకొండయ్యకు ‘పరీక్షలో పాల్గొనెను’ అని కాగితం ఇచ్చాను. ఘాతం జరిగిందా అని రవాణా శాఖ అడగలేదు, అది వారి పరిధిలోది కాదు. అతనికి లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత రెండు లారీలు బ్రేకులు పోయి ఆ ఇసుకలో దిగబడ్డాయి. ఇద్దరు డ్రైవర్లూ దిగి, తిట్టుకుంటూ, టీ కొట్టు వైపు నడుచుకుంటూ పోయారు. మిగతావాళ్ళు ఇసుక కనపడగానే ముందే వేగం తగ్గిస్తున్నారట.

అయితే మండలి ఊరుకునే సంస్థ కాదు. ఇసుకను ఆక్రమణగా గుర్తించి తొలగించాలని, పిల్లల్ని పాల కేంద్రం నుంచి ‘యథాస్థానమునకు’ రప్పించాలని, ఘాత పరీక్షను పునః నిర్వహించాలని తీర్మానించింది. మూడు పనులకూ కలిపి ఒకటే ఫైలు. సాంకేతిక అభిప్రాయం నిమిత్తం అది నా బల్ల మీదికి వచ్చింది. నా అభిప్రాయం లేకుండా అది పైకి పోదు.

పరాంకుశరావు గారు వారం వారం ఫోను చేస్తారు. ఫైలు ఎంతవరకూ వచ్చిందని అడుగుతారు. పరిశీలనలో ఉందని చెబుతాను. ఆయన సంతృప్తిగా ఫోను పెట్టేస్తారు, ఆ మాట ఆయనకు బాగా అర్థమవుతుంది. లారీ వేగం మా పరిధిలోనిది కాదని ఆయన మొదట్లోనే చెప్పారు. ఫైలు వేగం మాత్రం మా పరిధిలోనిదే. వేగం సున్నా అయితే దెబ్బ కూడా సున్నాయేనని నా గ్రంథంలో పన్నెండో పేజీలో ఉంది, టైపిస్టుకు తెలుసు.

కిందటి నెలలో పెంచలమ్మ ఫోను చేసింది. పిల్లలు ఇప్పుడు ఇరవై నలుగురయ్యారట, పాల కేంద్రం గది ఇరుకవుతోందట. ఆ ఫైలు ఇంకా మీ కాడే ఉండాది గదా సార్ అని అడిగింది. ఉందమ్మా అన్నాను. మాట్లాడుతూ బల్ల వైపు చూశాను. ఫ్యాను తిరుగుతోంది. సెకనుకు మూడు వందల మీటర్లు పరిగెత్తిన నా బోల్టు మూడేళ్ళుగా ఆ ఫైలు మీద కదలకుండా కూర్చుని ఉంది.